కస్టమర్ డబ్బుతో కంపెనీ, ఆ తర్వాత వీసీ ఇన్వెస్టర్: ఒక్కో అడుగు ఎలా వేయాలి

ఈ దారిలో మీ చేతుల మీదుగా మూడు రకాల డబ్బు నడుస్తుంది. మొదట కస్టమర్ ఇచ్చే డబ్బు. తర్వాత మీరు సంపాదించి దాచుకున్న డబ్బు. చివరికి మిమ్మల్ని నమ్మి వేరేవాళ్లు అప్పగించే డబ్బు. మూడింటి లెక్కలూ వేరు. ఒకదాని దగ్గర నేర్చుకున్న అలవాటును ఇంకోదాని దగ్గర అలాగే వాడితే దెబ్బ తింటాం. నేను రెండు చోట్ల తిన్నాను. అందుకే లెక్క మారే చోట కాస్త ఎక్కువసేపు ఆగి చెబుతాను.

బయటి పెట్టుబడి లేకుండా, వచ్చిన ఆదాయంతోనే కంపెనీని నడిపి పెంచడాన్ని బూట్‌స్ట్రాప్ చేయడం అంటాం. వెంచర్ క్యాపిటల్, అంటే వీసీ, దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. నలుగురి డబ్బును ఒక ఫండ్‌గా కూర్చి, చాలా పెద్దగా ఎదిగే అవకాశం ఉన్న చిన్న కంపెనీల్లో వాటాలు కొనే పని అది. మొదటిది బాగా చేసినవాళ్లు రెండోది కూడా సులువుగా చేసేస్తారని చాలామంది అనుకుంటారు. కొంతవరకే నిజం.

ముందు అమ్మండి, తర్వాత కట్టండి

కాకి పిల్ల కాకికి ముద్దు. మన ఐడియా మనకు ఎప్పుడూ గొప్పగానే కనిపిస్తుంది. స్నేహితులను అడిగితే వాళ్లూ బాగుందనే అంటారు, మన మనసు నొప్పించడం ఇష్టం లేక. కాబట్టి ఐడియా గురించి అడగడం మానేయండి. ఆ సమస్యతో రోజూ తంటాలు పడేవాళ్లను ఒక పదిహేను మందిని వెతికి, వాళ్ల పని గురించి అడగండి. ఇప్పుడు ఈ పని ఎలా చేసుకుంటున్నారు? పోయిన నెల దీనిమీద ఎన్ని గంటలు పోయాయి? దీనికోసం ఇప్పటికే ఎవరికైనా డబ్బు ఇస్తున్నారా? ఎవరైనా నాలుగు ఎక్సెల్ షీట్లు, ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని ఎలాగోలా నెట్టుకొస్తుంటే అక్కడ సమస్య నిజంగా ఉన్నట్టే. "ఇలాంటిది ఉంటే బాగుంటుందండీ" అని ఊరుకుంటే లేనట్టే లెక్క.

తర్వాత అడ్వాన్స్ అడగండి. చిన్న మొత్తమైనా ఫర్వాలేదు, నచ్చకపోతే తిరిగిచ్చేస్తామని రాసివ్వండి. పదిహేను మందిలో ముగ్గురైనా జేబులోంచి డబ్బు తీయకపోతే నేను కోడ్ రాయడం మొదలుపెట్టను. ఇది నా కొలత, మీది వేరుగా ఉండొచ్చు. కానీ ఏదో ఒక కొలత ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే ఇద్దరు వచ్చినా "ఇది చాల్లే" అని మనసు సర్దిచెప్పేస్తుంది.

చేతిలో డబ్బు అసలు లేనివాళ్లకు అన్నిటికంటే నమ్మకమైన దారి సర్వీస్‌తో మొదలుపెట్టడం. మీరు అమ్మాలనుకున్న ప్రోడక్ట్ చేసే పనినే ముందు చేతులతో చేసిపెట్టి ఫీజు తీసుకోండి. 2004లో బేస్‌క్యాంప్ అలాగే పుట్టింది. 37సిగ్నల్స్ అనే వెబ్ డిజైన్ కంపెనీ తన క్లయింట్ల ప్రాజెక్టులను చూసుకోవడానికి కట్టుకున్న సాధనం అది. కంపెనీల తరఫున ఈమెయిల్ ప్రచారాలు పంపే మెయిల్‌చింప్ కూడా ఇంతే. బెన్ చెస్ట్‌నట్, డాన్ కుర్జియస్ నడిపే వెబ్ డిజైన్ సంస్థలో 2001లో పక్క పనిగా మొదలైంది. ఇరవై ఏళ్లపాటు బయటి ఇన్వెస్టర్ల డబ్బు తీసుకోకుండా పెరిగి, 2021లో సుమారు 1,200 కోట్ల డాలర్లకు ఇంట్యూట్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్లింది.

సర్వీస్‌లో ఒక ఉచ్చు ఉంది. క్లయింట్ పనికి అంతు ఉండదు, ప్రోడక్ట్ మాత్రం ప్రతి వారం వెనక్కి జరుగుతుంది. వారంలో రెండు రోజులు ప్రోడక్ట్‌కే అని క్యాలెండర్‌లో కేటాయించండి. ఆ రెండు రోజులు అడిగిన క్లయింట్‌కు "వేరే క్లయింట్ పని ఉందండీ" అని చెప్పండి. అబద్ధమేం కాదు, ఆ క్లయింట్ మీ కంపెనీయే.

లాభం కంటే ముందు నగదు చూడండి

పుస్తకాల్లో లాభం ఉండి కూడా కంపెనీలు మూతపడతాయి. జీతాలిచ్చే రోజు బ్యాంకులో డబ్బు లేకపోవడమే కారణం. బూట్‌స్ట్రాప్ ఫౌండర్ ప్రతి సోమవారం చూడాల్సిన కాగితం ఒక్కటే: రాబోయే పదమూడు వారాల్లో ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది. ఒక్క పేజీ చాలు. వస్తుందని ఆశపడే డబ్బు అందులో రాయొద్దు, ఇన్వాయిస్ పంపిన డబ్బే రాయండి. అది కూడా ఆ కస్టమర్ పోయినసారి ఎన్ని రోజులు ఆలస్యం చేశాడో అన్ని రోజులు వెనక్కి జరిపి రాయండి.

ఒక కస్టమర్‌ను తీసుకురావడానికి ప్రకటనలకు, అమ్మకాల మనిషికి కలిపి 300 ఖర్చవుతుందనుకుందాం. అతను నెలకు 50 కడతాడు, అతనికి సేవ అందించడానికి నెలకు 10 పోతుంది. అంటే నెలకు 40 మిగులుతుంది, పెట్టిన 300 తిరిగి రావడానికి ఏడున్నర నెలలు. వెనక ఇన్వెస్టర్ ఉన్న కంపెనీకి ఇది చక్కటి లెక్క. మీకు మాత్రం కాదు. ఒకే నెలలో వంద మంది కస్టమర్లు వస్తే 30,000 బయటికి పోయి, తిరిగి రావడానికి ఎనిమిది నెలలు కూర్చోవాలి. బాగా అమ్ముడవడమే మిమ్మల్ని ముంచేస్తుంది.

దీనికి మందు ఏడాది చందా. పన్నెండు నెలలకు పది నెలల ధర, ముందే కట్టాలి. అదే కస్టమర్ మొదటి రోజే 500 ఇస్తాడు. మీ 300 వెంటనే తిరిగొచ్చి, ఇంకొకరిని తెచ్చుకోవడానికి డబ్బు చేతిలో ఉంటుంది. రెండు నెలల డిస్కౌంట్ ఖర్చులా కనిపించొచ్చు. వాటా ఏమీ అడగని పెట్టుబడి మీకు అంతకంటే చవకగా ఎక్కడా దొరకదు. ఒక్క జాగ్రత్త: ఆ 500లో మీరింకా చేయని పని ఉంది. మొత్తం మొదటి నెలలోనే ఖర్చుపెట్టేస్తే పదకొండు నెలలు అప్పుమీద బతుకుతున్నట్టే.

ధర గురించి ఒక్క మాట. కొత్త ఫౌండర్లు దాదాపు అందరూ తక్కువ ధర పెడతారు, భయంతో. ధర చెప్పగానే ఎవరూ కాస్త కూడా ఇబ్బంది పడకపోతే, తర్వాతి కస్టమర్‌కు పెంచి చెప్పి చూడండి.

మీ పైకప్పు ఎంత ఎత్తులో ఉందో కొలవండి

నాకు ఆలస్యంగా అర్థమైన, ఇప్పుడు ఏ కంపెనీని చూసినా మొదట వేసే లెక్క ఇది. నెలనెలా కొందరు కస్టమర్లు వదిలి వెళ్లిపోతారు, దాన్నే చర్న్ అంటారు. నెలకు 5 శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి వంద మందిలో 54 మందే మిగులుతారు. అదే 2 శాతమైతే 78 మంది ఉంటారు.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. మీరు నెలకు 20 మంది కొత్తవాళ్లను తెచ్చుకోగలరు, 5 శాతం వెళ్లిపోతున్నారు. కంపెనీ పెరిగేకొద్దీ ఆ 5 శాతం కూడా పెద్ద సంఖ్య అవుతుంది. 400 మంది దగ్గర సరిగ్గా 20 మంది వస్తారు, 20 మంది పోతారు. అక్కడితో ఆగిపోతారు, ఎంత కష్టపడినా. కొత్త కస్టమర్ల సంఖ్యను చర్న్ శాతంతో భాగిస్తే మీ పైకప్పు తెలిసిపోతుంది. చర్న్‌ను 2 శాతానికి తగ్గిస్తే అదే కష్టానికి పైకప్పు 1,000కి లేస్తుంది. ప్రకటనల మీద ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకుండానే.

కాబట్టి వదిలి వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి, ఈమెయిల్ కాదు. మొదట చెప్పే కారణం సాధారణంగా "ధర ఎక్కువ". ఇంకో ఐదు నిమిషాలు ఓపికగా వింటే అసలు కారణం బయటికొస్తుంది: మొదటి వారంలోనే ఎలా వాడాలో అర్థం కాలేదనో, కొనమన్న మనిషి ఉద్యోగం మారిపోయాడనో.

ఇదే వరసలో ఇంకో ప్రమాదం ఒంటి స్తంభం మేడ. నా మొదటి కంపెనీలో ఒకే కస్టమర్ నుంచి ఆదాయంలో సగం పైగా వచ్చేది. పెద్ద పేరున్న సంస్థ అని గర్వంగా ఉండేది. ఒక ఏడాది వాళ్ల కొనుగోళ్ల విభాగంలో మనుషులు మారారు, మా బిల్లులు ఐదు నెలలు ఆగిపోయాయి. ఆ ఐదు నెలలు నాకు నిద్ర లేదు. ఇద్దరిని పనిలోంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్లిద్దరూ నాకు ఇప్పటికీ గుర్తొస్తారు. ఎవరూ మీ ఆదాయంలో ఐదో వంతు దాటకుండా చూసుకోండి. దాటితే, ఆ అదనాన్ని ఖర్చుపెట్టకుండా పక్కన పెట్టండి.

కాగితాలు తొలి నెలలోనే

ఇది చిన్న విషయం, కానీ తర్వాత చేద్దామంటే కుదరదు. కో-ఫౌండర్ల వాటాలు నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా చేతికొచ్చేలా, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకోండి. దీన్నే వెస్టింగ్ అంటారు. కోడ్, డిజైన్, పేరు అన్నీ కంపెనీ సొంతమని ప్రతి ఒక్కరి దగ్గరా సంతకం తీసుకోండి, పార్ట్‌టైమ్ వాళ్లతో సహా. ఇంటి ఖాతా, కంపెనీ ఖాతా కలపొద్దు. రేపు కంపెనీని అమ్మాలనుకుంటే కొనేవాళ్ల లాయర్ మొదట అడిగేవి ఇవే.

బయటి డబ్బు వద్దా, ఎప్పటికీనా?

వద్దని నేననను. అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని 2002లో ఆస్ట్రేలియాలో ఇద్దరు కాలేజీ స్నేహితులు క్రెడిట్ కార్డు అప్పుతో మొదలుపెట్టారు. 2010లో ఆక్సెల్ అనే వీసీ సంస్థ పెట్టుబడి తీసుకునేనాటికే అది లాభాల్లో ఉన్న కంపెనీ. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ 2008లో మొదలై, 2012లో ఆండ్రీసన్ హోరోవిట్జ్ అనే వీసీ సంస్థ నుంచి 10 కోట్ల డాలర్లు తీసుకునేదాకా సొంత ఆదాయంతోనే నడిచింది. 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని 750 కోట్ల డాలర్లకు కొంది. రెండు చోట్లా డబ్బు అవసరం లేని రోజున డబ్బు వచ్చింది, అలాంటి రోజున షరతుల దగ్గర ఫౌండర్ల మాటకు బలం ఉంటుంది.

మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదీ: ఈ మార్కెట్‌లో ముందు పెద్దగా ఎదిగినవాళ్లే అంతా తీసుకుపోతారా? మెషీన్లు, పరిశోధన, లైసెన్సుల లాంటివాటికి ఆదాయం రాకముందే పెద్ద మొత్తం కావాలా? రెండింటికీ కాదు అయితే బయటి డబ్బు తీసుకోకండి. తీసుకున్న రోజునుంచి మీ కంపెనీ ఎప్పటికో అమ్ముడవ్వాలి, లేదా స్టాక్ మార్కెట్‌కు వెళ్లాలి. ఏటా కొంచెం లాభం పంచుకుంటూ హాయిగా నడుపుకుంటానంటే వీసీ ఫండ్‌కు కుదరదు, దాని గడువు మామూలుగా పదేళ్లే. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ బొద్దుగా పెరగాలి అంటే జరగదు.

అమ్మే రోజు వస్తే ధర ఒక్కటే చూడొద్దు. ఎంత చేతికి నగదుగా వస్తుంది, ఎంత మొత్తం "మీరు రెండేళ్లు ఉండి ఈ టార్గెట్లు అందుకుంటే" అనే షరతు మీద ఉంది అని విడదీయండి. షరతు మీద ఉన్న భాగాన్ని సున్నా అనుకుని, మిగిలినది చాలనిపిస్తేనే సంతకం పెట్టండి. ఆ టార్గెట్లు అందుకునే అధికారం ఆ తర్వాత మీ చేతిలో ఉండదు. సంతకమైన ఏడాది దాకా ఏ స్టార్టప్‌లోనూ పెట్టుబడి పెట్టకండి. ఇంటి అప్పులు, పిల్లల చదువులు, ఇంకో పదేళ్ల బతుకు, వీటికి వేరే పెట్టి తాళం వేయండి.

సొంత డబ్బుతో ఏంజెల్ పెట్టుబడి: లెక్క ఇక్కడే తిరగబడుతుంది

సొంత డబ్బును వేరేవాళ్ల తొలి దశ కంపెనీల్లో పెట్టడాన్నే ఏంజెల్ పెట్టుబడి అంటారు. బూట్‌స్ట్రాప్ చేసినప్పుడు మీకు ఒకే కంపెనీ ఉండేది. అది చావకూడదు, అంతే. మీ అలవాట్లన్నీ ఆ భయంలోంచి పుట్టినవి. ఇన్వెస్టర్‌గా మీకు ఇరవై కంపెనీలు ఉంటాయి. చాలావరకు పోతాయి. పోయినదానిలో పెట్టిన డబ్బు కంటే ఎక్కువ పోదు. గెలిచినది మాత్రం వంద రెట్లు కావొచ్చు. అందుకే ఇక్కడ పోగొట్టుకోవడం కంటే పెద్ద తప్పు, గెలిచేదాన్ని వదులుకోవడం.

ఇది మాటవరసకు అనడం లేదు. అనేక వీసీ ఫండ్లలో డబ్బు పెట్టే హార్స్‌లీ బ్రిడ్జ్ సంస్థ దశాబ్దాల రికార్డుల్లో చూస్తే, దాదాపు సగం పెట్టుబడులు అసలు కంటే తక్కువే తిరిగిచ్చాయి. సుమారు 6 శాతం పెట్టుబడుల నుంచే మొత్తం రాబడిలో 60 శాతం వరకు వచ్చింది. ఈ వృత్తి మొదటి నుంచీ ఇలాగే ఉంది. జార్జెస్ డోరియో నడిపిన ఏఆర్‌డీసీ అనే తొలితరం వీసీ సంస్థ, 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీలో 70,000 డాలర్లు పెట్టి 70 శాతం వాటా తీసుకుంది. తర్వాతి ఏళ్లలో ఆ వాటా విలువ 35 కోట్ల డాలర్లు దాటింది. ఆ సంస్థ పేరు ఇవాళ గుర్తుందంటే కారణం ముఖ్యంగా ఆ ఒక్క చెక్కే. 2004లో పీటర్ థీల్ ఫేస్‌బుక్‌లో 5 లక్షల డాలర్లు పెట్టి 10.2 శాతం వాటా కొన్నదీ ఇలాంటి కథే. వదులుకున్నవాళ్ల వైపు నుంచి చూడాలంటే బెస్సెమర్ వెంచర్ పార్ట్‌నర్స్ అనే వీసీ సంస్థ వెబ్‌సైట్ చూడండి. గూగుల్, ఈబే లాంటివి ఎలా చేజార్చుకున్నామో వాళ్లే జాబితా పెట్టారు. నిజాయితీగా చేసిన పని అది, నాకు చాలా గౌరవం.

నేను ఈ లెక్క ఒంటికి పట్టించుకోవడానికి రెండేళ్లు పట్టింది. మొదట్లో లాభంలో ఉన్న, పొదుపుగా నడిచే, నన్నే గుర్తుచేసే ఫౌండర్లకే డబ్బిచ్చాను. మంచి కంపెనీలు, మంచి మనుషులు. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి, ఏటా కొంచెం పెరుగుతున్నాయి, నా డబ్బు మాత్రం తిరిగొచ్చే దారి లేదు. ఎందుకంటే వాళ్లకు అమ్మాల్సిన అవసరమే లేదు. తప్పు వాళ్లది కాదు, నేను వాళ్లకు ఇవ్వకూడని రకం డబ్బు ఇచ్చాను. అలాంటి ఫౌండర్ ఇప్పుడు వస్తే "మీకు నా డబ్బు వద్దు, మీ కస్టమర్ల డబ్బే చాలు" అని చెప్పి, ఏడాది చందా ఎలా పెట్టాలో ఒక గంట కూర్చుని చూపిస్తాను.

ఎలా మొదలుపెట్టాలంటే: మొత్తం పోయినా ఇల్లు కదలని మొత్తాన్ని పక్కన పెట్టండి. దాన్ని నలభై భాగాలు చేయండి. మూడు నాలుగేళ్లలో ఇరవై కంపెనీలకు ఒక్కో భాగం ఇవ్వండి, మిగిలిన ఇరవై భాగాలు వాటిలో బాగా పరిగెడుతున్నవాటికి రెండోసారి ఇవ్వడానికి దాచండి. మొదటి ఏడాదిలోనే పది చెక్కులు రాయకండి. ఏడాదికి చూసే కంపెనీల సంఖ్య పెరిగేకొద్దీ మీ కన్ను మారుతుంది, మొదట్లో అన్నీ గొప్పగానే ఉంటాయి.

ప్రతి చెక్కుకూ ఒక పేజీ రాయండి. ఎందుకు పెడుతున్నాను, ఇది చాలా పెద్దది కావాలంటే ఏమేం నిజం కావాలి, ఎందుకు పోవచ్చు. వదులుకున్నవాటికీ రాయండి. ఐదేళ్ల తర్వాత ఫండ్ పెట్టాలనుకుంటే మీ చేతిలో ఉండే అసలైన సర్టిఫికెట్ ఈ పేజీలే. పోయే కంపెనీలు తొలి రెండు మూడేళ్లలోనే పోతాయి, గెలిచేవి ఏడెనిమిదేళ్లు తీసుకుంటాయి. మధ్యలో చూస్తే అంతా నష్టంలాగే ఉంటుంది, టెన్షన్ వస్తుంది. ఆ సమయంలో ధైర్యం చెప్పేవి కూడా ఆ పేజీలే.

కంపెనీని చదవడం: మీ పాత అనుభవం పనికొచ్చే చోటు

ఇక్కడ బూట్‌స్ట్రాప్ చేసినవాళ్లు మిగతా ఇన్వెస్టర్ల కంటే ముందుంటారు. స్లైడ్లు పక్కన పెట్టి, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. మీకు అది కథలా చదవొస్తుంది: జీతాలు ఏ తేదీన పడ్డాయి, ఏ నెలలో ఆలస్యమయ్యాయి, పెద్ద కస్టమర్ ఎన్నాళ్లకు కట్టాడు. తర్వాత నెలవారీగా కస్టమర్లను విడదీసి, జనవరిలో చేరినవాళ్లలో డిసెంబర్‌కు ఎంతమంది మిగిలారో చూడండి. పైకప్పు లెక్క వేయండి. ఆపైన నలుగురు కస్టమర్లతో మీరే మాట్లాడండి, వాళ్లిచ్చిన నంబర్లు రెండు, మీరు వెతికి పట్టుకున్నవి రెండు. "రేపు ఇది ఆగిపోతే ఏం చేస్తారు?" అని అడిగితే, జవాబుకు ముందు వచ్చే మౌనం చాలా చెబుతుంది.

షరతుల్లో రెండు మాత్రం కచ్చితంగా అర్థం చేసుకోవాలి. చాలా తొలి దశ పెట్టుబడులు సేఫ్ అనే కాగితం మీద జరుగుతాయి: డబ్బు ఇవాళ ఇచ్చి, షేర్లు తర్వాత తీసుకునే ఒప్పందం అది. స్టార్టప్‌లకు తొలి పెట్టుబడి, శిక్షణ ఇచ్చే వై కాంబినేటర్ దాన్ని 2013లో తెచ్చి, 2018లో మార్చింది. మార్చిన రూపంలో లెక్క సులువు: గరిష్ఠ వాల్యుయేషన్, అంటే కంపెనీ మొత్తానికి కట్టే విలువ, 50 లక్షలని రాసి 5 లక్షలు పెడితే, తర్వాతి రౌండ్‌లో, అంటే కంపెనీ మళ్లీ పెట్టుబడి తీసుకునేటప్పుడు, కొత్త షేర్లు రాకముందు మీ వాటా కనీసం 10 శాతం. ఆ తర్వాత మూడు రౌండ్లలో కొత్త షేర్ల వల్ల మీ వాటా ఒక్కోసారి 20 శాతం పలచబడితే ఆ 10 కాస్తా 5.12 అవుతుంది. కాబట్టి ఎగ్జిట్‌లో, అంటే వాటా అమ్ముకుని బయటపడినప్పుడు, ఎంత వస్తుందో అంచనా వేసేటప్పుడు ఇవాళ్టి వాటాతో కాదు, దానిలో సగంతో వేయండి.

రెండోది లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే కంపెనీ అమ్ముడైనప్పుడు ఇన్వెస్టర్ తన డబ్బు అందరికంటే ముందు తీసుకునే హక్కు. ఇన్వెస్టర్ 20 పెట్టి 20 శాతం తీసుకున్నాడు, కంపెనీ 40కే అమ్ముడైంది. మామూలు రకంలో అతను తన 20 తీసుకుంటాడు, మిగతావాళ్లకు 20. "పార్టిసిపేటింగ్" రకంలో ముందు 20 తీసుకుని, మిగిలిన 20లో మళ్లీ 20 శాతం కూడా తీసుకుంటాడు. మొత్తం 24. ఇన్వెస్టర్ కుర్చీలో కూర్చున్నాక నాకు ఈ రెండోది రాయడం ఇష్టం లేదు. ఏళ్ల తరబడి జీతం తగ్గించుకుని పనిచేసిన ఫౌండర్ చేతికి ఆఖరికి ఏం మిగులుతుందో నాకు తెలుసు.

డబ్బిచ్చాక ప్రతి వారం ఫోన్ చేసి ఖర్చు తగ్గించమని చెప్పకండి. మీ కంపెనీ పద్ధతి అది, వాళ్లది కాకపోవచ్చు. వద్దనుకున్నప్పుడు వారంలోపు, అసలు కారణంతో వద్దని చెప్పండి. నెలల తరబడి "చూద్దాం" అనడం అవతలివాళ్ల రన్‌వేను, అంటే చేతిలో డబ్బు అయిపోయేలోపు ఉన్న గడువును, తినేయడమే.

ఇతరుల డబ్బు: ఫండ్ పెట్టడం

ఒకేసారి ఫండ్‌లోకి దూకనక్కర్లేదు. ముందు ఒక్కో కంపెనీకి కొందరు కలిసి పెట్టే సిండికేట్ నడపండి. లేదా పెద్ద ఫండ్‌కు కంపెనీలను వెతికిపెట్టే స్కౌట్‌గానో, వెంచర్ పార్ట్‌నర్‌గానో పనిచేయండి. ఎవరి దగ్గర డబ్బు తీసుకోవచ్చు, ఏ రిజిస్ట్రేషన్ కావాలి అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. మొదటి చెక్కు తీసుకోకముందే ఫండ్ల లాయర్‌తో కూర్చోండి, ఆ ఫీజు దగ్గర పొదుపు వద్దు.

ఫండ్ లెక్క ఇలా ఉంటుంది. మామూలు పద్ధతి ఏటా 2 శాతం నిర్వహణ ఫీజు, లాభంలో 20 శాతం క్యారీ, అంటే ఫండ్ నడిపేవాళ్ల వాటా. ఫండ్ 100 అనుకోండి. పదేళ్ల ఫీజు కింద 20 వరకు పోతే కంపెనీల్లోకి వెళ్లేది 80. డబ్బు పెట్టినవాళ్లకు మూడు రెట్లు, అంటే 300 ఇవ్వాలంటే, మీ క్యారీ కూడా కలిపి మొత్తం 350 రావాలి. పెట్టిన 80 దాదాపు నాలుగున్నర రెట్లు కావాలన్నమాట. అమ్మే సమయానికి ప్రతిదానిలో మీ వాటా 8 శాతమే మిగిలిందనుకుంటే, మీ కంపెనీలన్నీ కలిసి సుమారు 4,375కి అమ్ముడవ్వాలి, ఫండ్‌కు దాదాపు 44 రెట్లు. ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూస్తే, వీసీలు "ఇది చిన్న మార్కెట్" అని మంచి కంపెనీని కూడా ఎందుకు వదిలేస్తారో తెలుస్తుంది. మీ ఫండ్ ఎంత చిన్నదైతే మీకు అంత చిన్న గెలుపు చాలు. అందుకే మొదటి ఫండ్ చిన్నగా ఉంచమంటాను, ఎక్కువ ఇస్తామని ఎవరైనా వచ్చినా.

చిన్న ఫండ్‌లో 2 శాతం అంటే మీ జీతం, ఆడిట్, లాయర్ అన్నీ అందులోంచే. చాలా ఏళ్లు మీ పాత కంపెనీలో తీసుకున్నంత కూడా రాదు. పైగా డబ్బు పెట్టేవాళ్లు మీ సొంత డబ్బు కూడా ఫండ్‌లో ఎంత ఉందని అడుగుతారు. 1 శాతం నుంచి మొదలు, ఎంత ఎక్కువైతే అంత నమ్మకం. మొదటి ఫండ్ డబ్బు పోగవడానికి ఏడాది పైగా పడుతుందని లెక్కేసుకుని ఇంటి ఖర్చుకు సిద్ధంగా ఉండండి.

మీ మనసు బూట్‌స్ట్రాప్ కంపెనీల దగ్గరే ఉంటే వేరే దారి కూడా ఉంది. రాబ్ వాలింగ్ డ్రిప్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌ను వీసీ డబ్బు లేకుండా కట్టి 2016లో అమ్మాడు. 2018లో ఐనార్ వోల్‌సెట్‌తో కలిసి టైనీసీడ్ మొదలుపెట్టాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు చిన్న మొత్తాలు ఇచ్చి, అవి వరసగా రౌండ్లు ఎత్తాల్సిన ఒత్తిడి లేకుండా, లాభం పంచినా అమ్ముడైనా వాటా తీసుకునే పద్ధతి అది. ఇక్కడ పోయే కంపెనీలు తక్కువ, గెలుపులు కూడా చిన్నవి. డబ్బు పెట్టేవాళ్లకు ఆ తేడా మొదటి సమావేశంలోనే చెప్పాలి. వంద రెట్ల ఆశ చూపించి ఈ రకం ఫండ్ నడిపితే మోసమే అవుతుంది.

మూడు నెలలకోసారి రిపోర్ట్ పంపండి. చెడు వార్త మొదటి పేరాలో ఉండాలి. కాగితం మీద పెరిగిన విలువను ఒక వరసలో, నిజంగా తిరిగిచ్చిన నగదును ఇంకో వరసలో పెట్టండి. రెండూ ఎప్పుడూ కలపొద్దు.

మొదటి కంపెనీ మూతపడే వారం

ఇది తప్పకుండా వస్తుంది, దీనికి ముందే సిద్ధంగా ఉండాలి. ఫౌండర్ ఫోన్ చేసి "ఇక కుదరడం లేదండీ" అన్న రోజు, బ్యాంకులో ఎంతుంది, నెల ఖర్చెంత అని అడగండి. కనీసం రెండు నెలల జీతాలకు డబ్బు ఉండగానే ఆపే నిర్ణయం తీసుకోమనండి. ముందు ఉద్యోగుల జీతాలు, ప్రభుత్వానికి కట్టాల్సినవి. తర్వాత చిన్న సరఫరాదారులు. అడ్వాన్స్ కట్టిన కస్టమర్లకు వాళ్ల డేటా, మిగిలిన నెలల డబ్బు. ఇన్వెస్టర్లు ఆఖర్న. మీరూ అందులో ఒకరు. మీ ఫండ్‌లో డబ్బు పెట్టినవాళ్లకు ఈ వరుస ఎందుకో అదే వారంలో ఉత్తరం రాయండి. ఆ ఫౌండర్‌కు మూడు నెలల తర్వాత మళ్లీ ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడగండి.